మంచుబోరుకు చిటికెడు పసుపు

మా బావ పోచన్నకు ఒక పద్ధతి ఉంది. బోరు ఎండిపోయిందని తేలాక ఆ మాట రైతుకు తానే చెప్తాడు. కంప్రెసర్ ఆపి, రిగ్గు మీంచి దిగి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి భుజాన వేసుకుని, వెళ్లి ఆ మనిషి ముందు నిలబడతాడు. "బోర్ ఫెయిలయింది పటేలా" అంటాడు. నాందేడ్ చుట్టుపక్కల మిగతా డ్రిల్లర్లు ఈ పని చేయరు. ఏజెంటును ముందుకు తోసి వాళ్లు రాడ్లు సర్దుకుంటారు. మావాడు మాత్రం నిలబడి తిట్లన్నీ తింటాడు. అంతా అయ్యాక రైతు ఒకటే అడుగుతాడు, ప్రతి రైతూ అడుగుతాడు: "ఇంకో యాభై ఫీట్లు పోతే?" బావ తల అడ్డంగా ఊపుతాడు. అప్పుడు ఇంటికొస్తాడు, అన్నం సగం వదిలేస్తాడు.

"కొరివితో తల గోక్కునుడు ఎందుకు బావా నీకు?" అని నేను ఎన్నిసార్లు అన్నానో.

"నేను తవ్విన పొక్క ఉమాకాంతా. నేనే చెప్పాలె" అంటాడు. ముప్ఫై ఐదేళ్లుగా అదే జవాబు.

నేనెవరినో చెప్పాలి కదా. పోచన్న భార్య ఇందుబాయి నా సొంత అక్క. నాందేడ్ వజీరాబాద్‌లో నాకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. బోరులో నీళ్లు తగ్గి, మోటారు ఉత్తగాలి లాగి కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. అంటే బావ ఏడిస్తే నాకు బేరం. దేవుడు మా ఇంట్లో పనులు ఇలా పంచాడు. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క ఊరంతా చెప్తుంది. ఆ మాట నిజమే కానీ, ఒక్క విషయం మాత్రం నేను చాలా ఆలస్యంగా నోరు మూసుకున్నాను. అది కూడా ఇందులోనే వస్తుంది.

పోచన్నది ఉమ్రి దగ్గర పల్లె. మూడెకరాల చేను, అందులో అర ఎకరం పసుపు. పదో తరగతి మరాఠీలో తప్పి బోరుబండి ఎక్కాడు. అప్పట్లో నూట యాభై అడుగులకు నీళ్లు ఎగజిమ్మేవట. జనం బండి మీదికి బెల్లం విసిరేవాళ్లట, డ్రిల్లర్‌ను పెళ్లికొడుకులా భుజాలకెత్తుకునేవాళ్లట. ఇప్పుడు ఎనిమిది వందలు పోయినా తెల్లటి రాతిపొడి లేస్తుంది. ఆ పొడి బావ కనుబొమల్లో ఉంటుంది, చెవుల్లో ఉంటుంది, అక్క ఎంత ఉతికినా చొక్కా మడతల్లో ఉంటుంది. యాభై మూడేళ్లకే మనిషి అరవై ఐదు దాటినట్టు నడుస్తాడు.

ఇలాంటి మనిషి ఆర్కిటిక్ మంచుకు ఎలా పోయాడని అందరూ అడుగుతారు. ఎనిమిదేళ్ల కిందట ముఖేడ్ వైపు నేల అప్పుడప్పుడూ అదురుతోందని కొందరు శాస్త్రవేత్తలు వచ్చి, భూమి లోపల ఒక యంత్రం దింపడానికి బోరు వేయించారు. మూడు వందల అడుగుల దగ్గర, రాడ్ల కొసన రాయి పగలగొట్టే హామర్ ఇరుక్కుంది. రెండు రోజులు పైకి లాగారు, రాలేదు. మూడో రోజు బావను పిలిచారు. ఆయన రాడ్డు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, బీడీ కాలినంతసేపు నిలబడ్డాడు. రాయి కింద లేదు, తొంభై అడుగుల దగ్గర పక్కనుంచి జారి కూర్చుందన్నాడు. పైకి లాగడం ఆపి కిందికి దింపించాడు. సాయంత్రం చాయ్ వేళకు హామర్ బయటికొచ్చింది. ఆ గుంపులో ఉన్న పెద్ద సారు తర్వాత మంచు పరిశోధనకు మారిపోయాడు. అక్కడా డ్రిల్లు ఇరుక్కుంటుంది కదా. ఆయనకు మా బావ అరచెయ్యి గుర్తొచ్చింది.

ఫోను నా దుకాణానికి వచ్చింది. "మీ పోచన్నను ఉత్తర ధ్రువం వైపు తీసుకుపోదామనుకుంటున్నాం" అన్నాడు ఎవరో హిందీలో. నేను ఫోను పెట్టేశాను. మళ్లీ చేస్తే ఒక మంచి తిట్టు తిట్టి పెట్టేశాను. మూడోసారి సారు స్వయంగా బావ అరచెయ్యి ముచ్చట చెప్పేదాకా నమ్మలేదు.

నార్వేకు ఉత్తరాన, సముద్రంలో ఉన్న దీవులు అవి. గుట్టల మీద టోపీ బోర్లించినట్టు మంచు, వందల ఏళ్లుగా పడుతూ గడ్డకట్టింది. పద్నాలుగు మంది పోయారు. ఒకరు మంచు లెక్క, ఒకరు గాలి లెక్క, ఒకరు సముద్రం అడుగు బురద తీసేవాళ్లు, ఒకరు నాచు ఏరేవాళ్లు, ఒకామె పొద్దస్తమానం పక్షుల రెట్టలు సంచుల్లో నింపేది. ఎలుగుబంటి వస్తే కాల్చడానికి తుపాకీ పట్టుకుని ఒక తెల్లవాడు. ఒక్కొక్కరిది ఒక్కో చదువు. వీళ్లందరి చదువూ కలిస్తే ఈ భూమి ఎంత వేడెక్కింది, ఎప్పటినుంచి వేడెక్కింది, ఇంకెంత ఎక్కుతుంది అన్నది తేలుతుందట. మా బావ పని వాటి మధ్య ఒకటే. మంచులోకి గొట్టపు డ్రిల్లు దింపి, మూరెడు మూరెడున్నర చొప్పున మంచు కడ్డీలు పైకి తీయడం. ఒక్కో కడ్డీకి నంబరు వేస్తారు, పై వైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు పెడతారు, పెట్టెలో పడుకోబెడతారు. ఒకటో నంబరులో నిన్నటి మంచు. కిందికి పోయేకొద్దీ పాతది. నూట ఇరవై మీటర్ల కింద వచ్చింది మా ముత్తాతకు ముత్తాత పుట్టకముందు పడ్డ మంచట. ఆ ఏడాది గాలిలో ఏ ధూళి ఉందో, ఎక్కడ అగ్నిపర్వతం పేలిందో అన్నీ అందులో చిక్కుకుని ఉంటాయి.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు బావను నేను గుర్తుపట్టలేదు. ముఖం తోలు ఊడిపోయి ఉంది. నిద్ర అసలే లేదట. ఏప్రిల్ చివరికొచ్చేసరికి అక్కడ సూర్యుడు మునగడం మానేస్తాడు. కళ్లకు రుమాలు కట్టుకుని పడుకునేవాడట. వేళ్లు రెండు నెలలు మొద్దుబారి ఉన్నాయి. ఇంత అవస్థ పడి వచ్చినవాడు అక్క పెట్టిన చాయ్ తాగి ఏమన్నాడంటే:

"మళ్ళ పోత ఉమాకాంతా. పిలిస్తే ఎన్నిసార్లైన పోత."

"ఏమున్నది బావా ఆడ?"

"ఎవలు అడగరు. నీళ్లు పడ్డయా అని ఆడ ఒక్కడు అడగడు. యాడ దింపినా మంచే అస్తది. ఎన్ని ఫీట్లు పోయినా అస్తనే ఉంటది. నా ముంగట ఒక్కరు మొగం వేలాడేసుకోలే." గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ముప్ఫై ఏండ్లల్ల ఫెయిల్ గాని బోర్ అదొక్కటే."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ మాట విన్నాక నేను మోటార్ల బేరం గురించి కొన్నాళ్లు ఆయన ముందు మాట్లాడలేదు.

ఇక పసుపు సంగతి. మా వైపు పసుపు పెట్టకుండా బోరు మొదలవదు. బోరు వేసే పాయింటు దగ్గర రైతు భార్య నీళ్లు చల్లి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మకు మొక్కాలి. ఆ తర్వాతే ఇనుము నేలకు ఆనాలి. రైతు క్రైస్తవుడైతేనో ముసల్మానైతేనో బావే ఒక చిటికెడు తన జేబులోంచి తీసి పక్కకు తిరిగి పెట్టేస్తాడు. ఎవరికీ తెలియనివ్వడు. అక్క మొదటి ప్రయాణానికి సంచి సర్దుతూ, నొప్పుల మందు డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి, మా చేని పసుపు అందులో నింపి పెట్టింది. దెబ్బ తగిలితే అద్దుకుంటాడు, పాలల్లో వేసుకుంటాడు అనుకుంది.

అక్కడ డ్రిల్లు మొదలయ్యే రోజున అందరికీ తెల్ల సూట్లు ఇచ్చారు. చేతులకు తొడుగులు. బీడీ వద్దు, తిండి వద్దు, ఉమ్మొద్దు, పొక్క దగ్గర మురికి ఏదీ పడొద్దు అని హిందీలో చెప్పారు. బావ తల ఊపాడు. మురికి పడొద్దన్నారు కాబట్టి మురికి పడనివ్వలేదు. మిగతావాళ్లు గుడారంలో నాష్తా చేస్తుండగా వెళ్లి, డ్రిల్లు దిగే చోట చిటికెడు పసుపు పెట్టి, పైన గుప్పెడు మంచు కప్పి, దండం పెట్టుకుని వచ్చాడు. మొదటి కడ్డీ తీసినప్పుడు డ్రిల్లు పళ్లకు పసుపు అంటింది. తొడుగుతో తుడిచేశాడు. అదే తొడుగుతో రోజంతా పనిచేశాడు.

"గంగమ్మ తల్లి నెత్తి మీదనే ఇనుము దింపుతున్నం. గడ్డకట్టింది గాని ఆమెనే గదా. అడగకుంటె ఎట్ల?" అని నాతో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నానా? దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఉత్తర ధ్రువానికి మా అక్క పసుపు పోయిందోయ్ అని. అదీ నా నోరు.

రెండో ఏడాది పోయినప్పుడు ప్రణాలి మేడమ్ పరిచయమైంది. లాతూరు మనిషి, ముప్ఫై ఐదు లోపే ఉంటుంది, కడ్డీల లోపల ఏముందో చూసేది ఆమే. బావ తొడుగు తీసి తల గోక్కుంటుంటే చూసి, కోప్పడకుండా పక్కన కూర్చోబెట్టుకుని, గంటసేపు మరాఠీలో విడమరిచి చెప్పింది. ఒక వెంట్రుక పడినా, ఒక్క చుండ్రు పొలుసు పడినా ఆ కడ్డీ ఇంకొక కథ చెప్తుంది కాకా అంది. అప్పుడు తెలిసింది బావకు తాను కిందటేడు ఏం చేశాడో. చెప్దామని నోరు తెరిచాడట. చెప్తే ఇంక రానివ్వరని భయమేసి మూసేశాడట. మింగలేక కక్కలేక ఆ నెల గడిపాడు. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది పసుపు పెట్టలేదు.

రెండో ఏడాది వేసవిలోనే మా చేని బోరు ఎండిపోయింది. పదహారేళ్లుగా పసుపు మడిని తడిపిన బోరు. అక్క నేరుగానే అంది, గంగమ్మను అడగకుండా ఇనుము దింపితే ఇంతే అవుతుందని. ఆయనా అదే నమ్మాడని నాకు తెలుసు. మొదటిసారి చదువుకున్నవాళ్ల పట్ల తప్పు చేశాడు, రెండోసారి గంగమ్మ తల్లి పట్ల తప్పు చేశాడు. రెండు తప్పులూ మోస్తూ మళ్లీ పొద్దున్నే లేచి బండెక్కేవాడు. నా దుకాణంలో అప్పటినుంచి పసుపు ముచ్చట బంద్ అయింది. కానీ అప్పటికే సగం వజీరాబాద్‌కు తెలుసు.

ఆ తర్వాత రెండేళ్లు పిలుపు రాలేదు. కిందటి మార్చిలో ప్రణాలి మేడమ్ ఫోను చేసింది. పెద్ద విషయం బయటపడింది, నేనే నాందేడ్ వస్తున్నాను, కాకాను కలవాలి అంది. బావ ఆ రోజు పనికి పోలేదు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన రుమాలు చుట్టుకున్నాడు. మళ్లీ పిలుస్తారేమో అని మెల్లగానే అన్నాడు గానీ, కాలు నిలవడం లేదు.

నాందేడ్‌లో బావ ఉంటున్న ఇల్లు ఇరుకు సందులో ఉంది కాబట్టి ఆమె ముందు నా దుకాణానికే వచ్చింది. కాలిన మోటార్లు పక్కకు జరిపి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. ఆమె మాట్లాడింది మరాఠీలో, నేను మన భాషలో రాస్తున్నాను.

"చూడండి కాకా. మొదటి ఏడాది కడ్డీలు ఇవి. పై తొమ్మిదింటిలో ఒక రకం పిండి రేణువుల రూపంలో దొరికింది. చలి దేశాల్లో పండేది కాదు అది. మన వైపు దుంప పంటలది. తొమ్మిదో నంబరులో కొంచెం, ఎనిమిదిలో ఇంకొంచెం, పైకి వచ్చేకొద్దీ పెరుగుతూ వచ్చింది. అంటే పదేళ్ల పై నుంచి మన నేల ధూళి గాలిలో అంత దూరం పోతోంది, ఏటేటా ఎక్కువవుతోంది. మీకంటే ముందే మీ మట్టి అక్కడికి చేరింది."

తెర మీద గీత మెట్లు ఎక్కినట్టు పైకి పోతోంది. నేను బావ వంక చూశాను. బావ ఆ గీతనే చూస్తున్నాడు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఆమె రాసిన వ్యాసం చూసిన విదేశీ పరిశీలకులు ఒక సందేహం అడిగారట. డ్రిల్లు దగ్గర పనిచేసినవాళ్ల నుంచి ఏమైనా పడిందేమో అని. ఆ రోజు అక్కడున్న నలుగురూ వెంట ఏమీ తీసుకురాలేదని, ఏమీ పడలేదని సంతకం చేయాలి. ముగ్గురు చేసేశారు. "నాలుగోది మీరే. ఇంకొకటి కాకా, వచ్చే ఏప్రిల్ బృందంలో మీ పేరు నేనే రాసిచ్చాను. సారు కూడా సరే అన్నారు."

"మేడమ్, చాయ్ తాగుండ్రి" అన్నాడు బావ.

నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా అన్నది అన్నట్టే రాస్తాను. "సహీ చెయ్ బావా. చిటికెడు పసుపు. దాంతోని ఎవల కొంప మునగదు. ఆమె ఖుషీగున్నది, నువ్వు మళ్ళ పోతవు. ఇంటికొచ్చిన లచ్చిమిని తన్నకు" అన్నాను.

"ఆమె ఆ తొమ్మిదింటిని పట్టుకొనే కూసున్నది ఉమాకాంతా."

"కూసోనియ్. తెల్వకపోతే తప్పేంది?"

"నాకు తెల్సు గదా" అన్నాడు. తర్వాత గోడకు ఆనుకుని, "మళ్ళ పోవాల్నని మస్తున్నది రా" అన్నాడు. బావ నన్ను "రా" అనడం నా పెళ్లినాటి తర్వాత అదే మొదటిసారి.

మధ్యాహ్నం అందరం ఇంటికి పోయాం. అక్క జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర చేసింది. ప్రణాలి మేడమ్ చాప మీద కూర్చుని హాయిగా తిన్నది. తింటూనే పొయ్యి మీద పసుపుకొమ్ములు ఉడికించే కళ్లాలు చూడాలని, అక్కడి ధూళి సీసాల్లో పట్టుకుపోవాలని చెప్తోంది. సంతకం కాగితం ఆమె పక్కనే మడిచి ఉంది. బావ పళ్లెంలో మొదటి రొట్టె అలాగే ఉంది.

అక్కకు ఈ కాగితం గొడవ ఏమీ తెలియదు. పసుపు మాట వినగానే ఆమె ముఖం విప్పారింది. "పసుపు కోసం కళ్లందాక ఎందుకు బిడ్డా? మా ఇంటి పసుపైతే మీ మంచు దాక..." అని మొదలుపెట్టింది.

"ఇందు. ఆగు" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "నా పొక్క. నేను చెప్త."

లేచాడు. పెరట్లోకి పోయి చెయ్యి కడుక్కున్నాడు. తిరిగొచ్చి తల రుమాలు విప్పాడు, భుజాన వేసుకున్నాడు, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆ నిలబడే తీరు నేను ఎన్ని చేలల్లో చూశానో.

"మేడమ్, బోర్ ఫెయిలయింది."

ఆమెకు అర్థం కాలేదు. నవ్వు ముఖంతోనే, "ఏ బోరు కాకా?" అంది.

ఆయన చెప్పాడు. మందు డబ్బా, చిటికెడు పసుపు, పైన కప్పిన మంచు, పళ్లకు అంటింది, తొడుగు. ఏదీ తగ్గించలేదు. గంగమ్మ మీదికి నెట్టలేదు, అక్క మీదికి నెట్టలేదు. తెలియక చేశానని కూడా అనలేదు. అక్క పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రణాలి మేడమ్ తన వేళ్లకేసి చూసుకుంది. పప్పు తిన్న వేళ్లు, పచ్చగా ఉన్నాయి.

"నాలుగేళ్లు కాకా" అంది చివరికి. "నేను దీని మీద నాలుగేళ్లు పనిచేశాను."

"తెల్సు మేడమ్."

"రెండో ఏడాది నేను గంటసేపు చెప్పాను కదా. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

"చెప్పాల్సి ఉండె. భయమయింది. మళ్ళ రానియ్యరనుకున్న."

ఆమె లేచి వాకిట్లోకి పోయి మెట్టు మీద కూర్చుంది. చెయ్యి కూడా కడుక్కోలేదు. ఏడ్చింది. చదువుకున్నవాళ్లు ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టాలో మాకెవరికీ తెలియదు. అక్క చెంబుతో నీళ్లు తీసుకెళ్లి పక్కన పెట్టి వచ్చింది. నాకు బావ మీద కోపం, ఆమె మీద జాలి, అన్నిటికంటే నా మీద నాకు అసహ్యం. బావ మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. తిట్లు తినడానికి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

చాలాసేపటికి లోపలికి వచ్చింది. కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. అప్పుడు బావ కళ్లలోకి చూసి అడిగింది.

"దాని కిందికి పోతే? కింద బాగుందా?"

మాటలు వేరు, అడిగింది అదే. ఇంకో యాభై అడుగులు పోతే అని ప్రతి రైతూ అడిగేది. బావ తల అలవాటుగా అడ్డంగా ఊగబోయింది, నేను చూశాను. సగంలో ఆగింది.

"ఉన్నది మేడమ్. కింద మంచిగున్నది. తొమ్మిది నంబర్ కాడ పన్ను ఇరిగింది. పళ్లన్నీ తీసి కొత్తవి ఏసిన. గొట్టం స్పిరిట్‌తోని కడిగిన. తొడుగులు గూడ చినిగినయని మార్చిన. పది నుంచి పసుపు లేదు."

"తర్వాతి రెండేళ్లు?"

"పెట్టలే" అన్నాడు. ఆగి, "గందుకే మా చేని బోర్ ఎండిందంటది ఇందు" అన్నాడు.

ప్రణాలి మేడమ్ అక్కకేసి చూసింది. ఏదో చెప్పబోయింది. వానలు, భూగర్భ జలాలు, అలాంటిదేదో అయ్యుంటుంది. చెప్పకుండా ఊరుకుంది. మళ్లీ బావ వైపు తిరిగి, "ఒట్టేసి చెప్తారా కాకా? పది నుంచి బాగుందని?" అంది.

"ఒట్టు ఎందుకు మేడమ్" అన్నాడు మా బావ. "ఎండిందని చెప్పినోణ్ణి. నీళ్లు పడ్డయంటే నమ్మాలె."

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, అక్క దగ్గర అదే చేని పసుపు కొంచెం పొట్లం కట్టించుకుంది, సరిపోల్చి చూడటానికి. పొట్లం మీద కడ్డీలకు వేసినట్టే నంబరు వేసింది. సున్నా. సాయంత్రం బండికి నేనే స్టేషన్‌లో దింపాను. దిగేముందు, "కాకా భోజనం చేయలేదు, చూసుకోండి" అంది.

జూన్‌లో ప్రణాలి మేడమ్ ఉత్తరం వచ్చింది. పసుపు సరిపోయిందట. తొమ్మిది కడ్డీలు లెక్కలోంచి తీసేశారు. గీత కూడా పోయింది. పదో నంబరు నుంచి కిందివి శుభ్రంగా ఉన్నాయి, వాటితో వేరే పని మొదలుపెట్టాను అని రాసింది. దాంతో పాటు బృందానికి కొత్తగా రాసిన నియమాల కాగితం పెట్టింది. అందులో ఒకటి నేను రెండుసార్లు చదివి వినిపించాను. డ్రిల్లు మొదలుపెట్టే ముందు ప్రతి పనివాడినీ, మీ ఊళ్లో ఈ పని మొదలుపెట్టే ముందు ఏం చేస్తారని అడిగి రాసుకోవాలట.

"సూసినవా? నిన్ను అడగనే లేదు. అడిగితే చెప్పేటోనివి" అన్నాను.

"ఏమో. చెప్పేటోన్నో లేదో" అన్నాడు బావ.

వచ్చే ఏప్రిల్‌కు పోయేవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. పోచన్న పేరు లేదు. నేను ఆ పెద్ద సారును, ఆ సంస్థను, గంగమ్మను, అందరినీ కలిపి తిట్టాను. చెప్పినవాడికి ఇదా బహుమతి అన్నాను. బావ రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు. "నేనైనా పిలవకపోదును ఉమాకాంతా. ఒక్కపారి ఖరాబ్ చేసిన చెయ్యి" అన్నాడు. ఆ చెయ్యి చూసుకున్నాడు కాసేపు. "మంచిగ ఉండె ఆడ. ఎవలు అడగకపోయెటోళ్లు" అన్నాడు. మూత బిగించి బండెక్కాడు.

ఆ వారమే ముఖేడ్ అవతల ఒక చేలో మోటారు దింపే పని ఉంటుందని నన్నూ తీసుకుపోయాడు. అవసరం రాలేదు. ఏడు వందల ఇరవై అడుగుల దాకా పొడే లేచింది. కంప్రెసర్ ఆగింది. బావ దిగాడు, రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. రైతు పేరు బాబురావు, మా బావ వయసే. పక్కనే భార్య పసుపు కుంకుమ పళ్లెం ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది.

"బోర్ ఫెయిలయింది పటేలా."

"ఇంకో యాభై ఫీట్లు పోతే?"

బావ వెంటనే తల ఊపలేదు. వంగి, రాడ్డు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. అంతసేపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు ఉండాలని కోరుకున్నాడేమో. తర్వాత చెయ్యి తీశాడు.

"లేదు పటేలా. కింద గూడ లేదు."

బాబురావు తిట్టలేదు, ఇంకొకసారి అడగలేదు. భార్య చేతిలోంచి పళ్లెం తీసుకుని కింద పెట్టాడు. ఆయన మా బావ మాట నమ్మాడు.